సాసిల్ ఎందుకు కంపైల్ కాదు?

మెయిల్ సర్వర్లు చూసుకునేవాళ్ల దగ్గర సైరస్ సాసిల్ పేరెత్తి చూడండి, మొహాలు చిట్లించుకుంటారు. ఎస్, ఏ, ఎస్, ఎల్ అనే నాలుగక్షరాల్ని కలిపి మావాళ్లంతా సాసిల్ అనే అంటారు. పోస్ట్‌ఫిక్స్, సెండ్‌మెయిల్, ఓపెన్‌ఎల్‌డాప్ లాంటి ప్రోగ్రాములు ‘వచ్చినవాడు నిజంగా వాడేనా’ అని తేల్చుకోవడానికి పిలిచే లైబ్రరీ ఇది. డెబియన్‌లోనో రెడ్‌హ్యాట్‌లోనో ఒక్క కమాండ్ కొడితే తయారుగా వచ్చి కూర్చుంటుంది. సోర్స్ నుంచి కంపైల్ చెయ్యాల్సి వచ్చినప్పుడే అసలు తంటా.

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన నిజామాబాద్ కుర్రాడికి ఓ పాత మెయిల్ సర్వర్‌ని కొత్త మెషిన్ మీదకి మార్చే పని అప్పగించాం. స్క్రీన్ నిండా ఎర్రర్లు చూసి, “మేడమ్, ఇంత చిన్న లైబ్రరీకి ఇంత లొల్లి ఏంది? ఎవరు రాసిన్రు దీన్ని?” అన్నాడు.

“ఒక్కరు రాస్తే ఇన్ని రావు నాయనా” అన్నాను.

సరదాకి అన్న మాట కాదది. హైదరాబాద్‌లో డయలప్ రోజుల నుంచీ ఈ పనిలోనే ఉన్నాను. ఈ లైబ్రరీ విసిరే ఎర్రర్లలో చాలావాటి వెనక ఒక దేశపు చట్టమో, ఒక కంపెనీ లెక్కలో, ఎవరో ఎప్పుడో పడ్డ భయమో ఉన్నాయి. అవి తెలియకుండా కూడా ఎర్రర్ పోగొట్టొచ్చు. తెలిస్తే మాత్రం ఏ ఎర్రర్‌ని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో తెలుస్తుంది.

కథ పిట్స్‌బర్గ్‌లో మొదలవుతుంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి ఆండ్రూ అని సొంత మెయిల్ వ్యవస్థ ఉండేది. దాని స్థానంలో అందరూ ఒప్పుకున్న ప్రమాణాలతో నడిచే మెయిల్ సర్వర్ కావాలని 1994లో సైరస్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అప్పటికి ఐమాప్ ఒకలా పాస్‌వర్డ్ అడిగేది, పాప్ ఇంకోలా అడిగేది, ఎస్‌ఎంటీపీ అసలు అడిగేదే కాదు. ఐమాప్‌కీ పాప్‌కీ ఈ తతంగం ఎలా జరగాలో జాన్ మయర్స్ 1994 డిసెంబర్‌లో రెండు ఆర్‌ఎఫ్‌సీలు రాశాడు. రెంటిలోనూ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని విడదీసి 1997 అక్టోబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2222గా వెలువరించాడు. అదే సాసిల్. ప్రోటోకాల్ ఏదైనా కానివ్వండి, గుర్తింపు అడిగే పద్ధతి దానికి విడిగా ఉంటుంది. మామూలు పాస్‌వర్డ్, క్రామ్ ఎండీఫైవ్, కెర్బెరాస్... దేనికది ఓ ప్లగిన్.

ఆలోచన బాగుంది. కానీ అందరితోనూ చుట్టరికం కలుపుకున్న లైబ్రరీ అయింది. బర్క్‌లీ డీబీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, కెర్బెరాస్, పామ్, ఎల్‌డాప్, మైఎస్‌క్యూఎల్ అన్నీ దీనికి చుట్టాలే. చుట్టాలెక్కువైన పెళ్లిలో అలకలెక్కువ.

ఆ అలకల జోలికి వెళ్లే ముందు పనిముట్ల సంగతి చెప్పాలి. కన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అనే మూడు కమాండ్లలో మేక్ అన్నిటికన్నా పాతది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా ఓ ప్రోగ్రాంలో తప్పు వెతికాడు. తీరా చూస్తే తప్పు ఎప్పుడో దిద్దేశాడు, ఆ ఫైలు మళ్లీ కంపైల్ చెయ్యలేదంతే. ఏ ఫైలు మారిందో, దేన్ని మళ్లీ కంపైల్ చెయ్యాలో మెషినే చూసుకోవాలి అన్న ఆలోచన అక్కణ్నుంచి పుట్టింది. మేక్ ఫైల్లో కమాండ్ ముందు ట్యాబ్ ఉండి తీరాలన్న నియమం కూడా అప్పటిదే. ఖాళీలు కొడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది. ఈ నియమం బాగాలేదని ఫెల్డ్‌మన్‌కి కొద్ది వారాల్లోనే అర్థమైంది. అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, వాళ్ల పని చెడగొట్టడం ఇష్టంలేక అలాగే వదిలేశాడు. ఆ డజను మంది పట్ల మొహమాటానికి యాభై ఏళ్లుగా ప్రపంచమంతా ట్యాబులు కొడుతోంది.

మేక్ గడియారాన్ని నమ్ముకుంటుంది. సోర్స్ ఫైలు సమయం, ఆబ్జెక్ట్ ఫైలు సమయం పోల్చి చూస్తుంది. మేం మొదట్లో వాడిన అసెంబుల్డ్ పీసీల్లో మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెనక్కి వెళ్లిపోయేది. విప్పిన టార్‌బాల్‌లోని ఫైళ్లన్నీ భవిష్యత్తులో పుట్టినవై కూర్చునేవి. ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’ అని మేక్ హెచ్చరించేది. ఒక్కోసారి కన్ఫిగర్ స్క్రిప్ట్ పాతబడిందనుకుని దాన్ని మళ్లీ తయారు చెయ్యబోయి, మెషిన్లో లేని ఆటోమేక్‌ని పిలిచి చతికిలపడేది. అదే మెషిన్ మీద కెర్బెరాస్ పెడితే అదీ గడియారం దగ్గరే అలిగేది. సర్వర్‌కీ క్లయింటుకీ మధ్య మామూలుగా ఐదు నిమిషాలకు మించి తేడా ఉండకూడదు దానికి. బ్యాటరీ మార్చి, గడియారం సరిచేసి, టార్‌బాల్ మళ్లీ విప్పితే చాలు, రెండూ దారికొచ్చేవి. ఇప్పటికీ ఏ మెషిన్ మీద కంపైల్ మొదలుపెట్టినా నేను కొట్టే మొదటి కమాండ్ డేట్.

కన్ఫిగర్ కథ వేరు. యూనిక్స్ ఒకటి కాదు కదా. సన్ వాళ్లదొకటి, హెచ్‌పీ వాళ్లదొకటి, ఐబీఎం వాళ్లదొకటి. ఒకరి దాంట్లో ఉన్న ఫంక్షన్ ఇంకొకరి దాంట్లో ఉండదు. 1991 జూన్ నాటికి డేవిడ్ మెకెంజీ అనే ఆయన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తరఫున చాలా గ్నూ పనిముట్ల బాధ్యత చూస్తున్నాడు. ఒక్కో మెషిన్‌కి తగ్గట్టు వాడుకరి మేక్ ఫైల్లో చేత్తో దిద్దుకోవాల్సిన ఆప్షన్లు ఇరవై దాకా పెరిగాయి. వాటిని మెషినే కనిపెట్టేలా ఓ షెల్ స్క్రిప్ట్ రాశాడు, తర్వాత అలాంటి స్క్రిప్టుల్ని పుట్టించే పనిముట్టు రాశాడు. అదే ఆటోకాన్ఫ్. దాని భాష ఎం4. 1977లో కెర్నిహన్, రిచీ చేసిన మాక్రో భాష అది. ఇంత దూరం వచ్చాక కూడా ఎం4 ఫైలు తెరిచి చదివే ఓపిక ఉన్నవాళ్లు నాకు అరుదుగానే తగిలారు. ఆ సంగతి తెలిసినవాడొకడు తర్వాత వస్తాడు.

కన్ఫిగర్ చేసే పని చూడటానికి మంత్రంలా ఉంటుంది గానీ నిజానికి చాలా మొరటు పద్ధతి. ‘ఈ మెషిన్లో క్రిప్ట్ అనే ఫంక్షన్ ఉందా’ అని తెలుసుకోవాలంటే కాన్ఫ్‌టెస్ట్ పేరుతో నాలుగు లైన్ల సీ ప్రోగ్రాం అప్పటికప్పుడు రాసుకుంటుంది. అందులో ఆ ఫంక్షన్‌ని పిలుస్తుంది, కంపైలర్ ముందు పెడుతుంది. లింక్ అయితే ‘ఎస్’, కాకపోతే ‘నో’. ఆ ఫైలు చెరిపేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతుంది. ఇలా ఎన్నో ప్రశ్నలు. తెరమీద ‘చెకింగ్... నో’ అని కనపడిన ప్రతిచోటా తెర వెనక చాలాసార్లు ఒక కంపైల్ ఎర్రర్ వచ్చి మాయమైనట్టే. ఆ దాచేసిన ఎర్రర్లన్నీ కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైల్లో ఉంటాయి. కుర్రాళ్లు ఆ ఫైలు తెరిచి నేరుగా అడుక్కి వెళ్తారు. అక్కడ వేరియబుళ్ల చిట్టా తప్ప ఏమీ ఉండదు. ‘క్యాష్ వేరియబుల్స్’ అన్న శీర్షిక పట్టుకుని దాని పైకి చదువుకుంటూ పోవాలి. ఆగిపోయిన ప్రశ్న, దానికోసం రాసిన బుల్లి ప్రోగ్రాం, కంపైలర్ తిట్టిన తిట్టు, మూడూ అక్కడే ఉంటాయి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పనుంది. కన్ఫిగర్ దృష్టిలో కంపైల్ ఎర్రర్ అంటే ప్రమాదం కాదు, జవాబు.

ఇక చుట్టాల దగ్గరికొద్దాం. నన్ను ఎక్కువ ఏడిపించింది బర్క్‌లీ డీబీ. సాసిల్ తన సొంత పాస్‌వర్డ్‌లు దాచుకునే సాసిల్‌డీబీ2 ఫైలుకి దీన్ని వాడుకోవచ్చు. బర్క్‌లీలో ఉచితంగా పుట్టిన ఈ లైబ్రరీకి 1996లో స్లీపీక్యాట్ అనే కంపెనీ ఏర్పడింది. 2006 ఫిబ్రవరిలో ఒరాకిల్ దాన్ని కొనేసింది. వెర్షన్ మారినప్పుడల్లా ఫంక్షన్లు మారేవి, ఒక్కోసారి డిస్క్ మీద ఫైలు రూపం కూడా. ఒకే మెషిన్లో నాలుగైదు వెర్షన్లు పక్కపక్కనే బతకాలి కాబట్టి ఒక్కో డిస్ట్రిబ్యూషన్ ఒక్కో పేరు పెట్టింది. సాసిల్ కన్ఫిగర్‌లో ఈ పేర్ల జాబితా చూడాలి, నవ్వొస్తుంది. గీతతో 4.7, గీత లేకుండా 4.7, చుక్క కూడా లేకుండా 47, మళ్లీ 4.6 మొదలు. వరసగా తలుపులు తట్టుకుంటూ పోతుంది. హెడర్ ఒక వెర్షన్‌దీ, లైబ్రరీ ఇంకో వెర్షన్‌దీ దొరికిందా, అక్కడితో సరి. అంతకన్నా చిక్కు, అంతా కంపైలయ్యాక సాసిల్ ఒక బర్క్‌లీ డీబీని, పోస్ట్‌ఫిక్స్ ఇంకో బర్క్‌లీ డీబీని ఒకే ప్రాసెస్‌లోకి లాక్కొస్తే అర్ధరాత్రి సర్వర్ కూలడం. 2013లో ఒరాకిల్ 6వ వెర్షన్‌ని కఠినమైన ఏజీపీఎల్ లైసెన్సు కిందికి మార్చింది. డెబియన్ 5.3 దగ్గరే ఆగిపోయింది. ‘బర్క్‌లీ డీబీ దొరకలేదు’ అన్న ఎర్రర్‌కి ఒక్కోసారి కారణం లాయర్ల గదిలో ఉంటుంది.

లాయర్ల మాటొచ్చింది కాబట్టి కెర్బెరాస్. సాసిల్ కన్ఫిగర్‌కి ఓ ఆప్షన్ ఉంది, కెర్బెరాస్‌ని పిలిచే జీఎస్‌ఎస్ లైబ్రరీ ఎవరిదో చెప్పమంటుంది. ఎంఐటీదా, హైమ్‌డాల్‌దా, సైబర్‌సేఫ్‌దా, సన్ వాళ్ల సీమ్‌దా? ఒకే ప్రోటోకాల్‌కి ఇన్ని అవతారాలెందుకు?

కెర్బెరాస్ ఎంఐటీలో పుట్టింది. 1983లో డెక్, ఐబీఎం కంపెనీల సాయంతో మొదలైన అథీనా ప్రాజెక్టులో భాగంగా స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ దీని నాలుగో వెర్షన్‌ని రూపొందించారు. క్యాంపస్ నిండా పరిచిన వర్క్‌స్టేషన్లలో పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద పోకుండా మనిషిని గుర్తుపట్టాలి. అందుకు డీఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ వాడారు. అమెరికా చట్టం ప్రకారం ఎన్‌క్రిప్షన్ అప్పట్లో ఆయుధాల జాబితాలో ఉండేది. ఫిరంగిని ఎగుమతి చెయ్యాలంటే ఎలాంటి అనుమతి కావాలో, ఈ సోర్స్ కోడ్‌కీ అలాంటిదే కావాలి. దాంతో ఎంఐటీ వాళ్లు పిరానా అనే ప్రోగ్రాంతో కెర్బెరాస్ కోడ్ లోంచి డీఈఎస్‌ని పిలిచే చోట్లన్నీ కొరికించేశారు. మాంసం పోయి అస్థిపంజరం మిగిలింది. దాని పేరు కూడా బోన్స్ అనే పెట్టారు. ఆ ఎముకలు చట్టబద్ధంగా సముద్రం దాటాయి. ఆస్ట్రేలియాలో దానికి మళ్లీ మాంసం తొడిగారు. అక్కడి ప్రోగ్రామర్ ఎరిక్ యంగ్ సొంతంగా రాసిన డీఈఎస్ లైబ్రరీని అమెరికాతో సంబంధం లేకుండా అందులో కలిపారు. అది ఈబోన్స్ అయింది. స్వీడన్‌లోని కేటీహెచ్ సంస్థ వాళ్లు దాని ఆధారంగా తమ కెర్బెరాస్ చేసుకున్నారు. 1993లో ఐదో వెర్షన్ ప్రమాణంగా వచ్చాక, అక్కడి యోహాన్ డానియెల్సన్, అస్సార్ వెస్టర్‌లుండ్ దాన్ని మొదట్నుంచీ తాజాగా రాశారు. అదే హైమ్‌డాల్.

2000 జనవరిలో అమెరికా ఎగుమతి నిబంధనలు సడలించింది. కానీ ఎంఐటీ, హైమ్‌డాల్ కవలలు ఇద్దరూ అప్పటికే పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఇద్దరి దగ్గరా కేఆర్‌బీ5 అన్న పేరుతోనే లైబ్రరీ ఉంది, లోపల సరుకు వేరు. ఎంఐటీ దాన్ని లింక్ చెయ్యాలంటే కే5క్రిప్టో తోడు కావాలి. హైమ్‌డాల్‌ది లింక్ చెయ్యాలంటే ఏఎస్‌ఎన్1, రోకెన్ అనేవి తోడు రావాలి. ఒకే మెషిన్ మీద హెడర్ ఫైలు ఒకరిదీ లైబ్రరీ ఇంకొకరిదీ దొరికితే, కంపైల్ హాయిగా అయిపోతుంది. లింక్ దశలో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటూ పేజీలకు పేజీలు. మా నిజామాబాద్ కుర్రాడికి మొదట ఎదురైంది ఇదే. పాత సర్వర్ మీద ఎవరో హైమ్‌డాల్ చేత్తో కంపైల్ చేసి లోకల్ డైరెక్టరీలో పెట్టారు. అతను ఆ డైరెక్టరీని యథాతథంగా కొత్త మెషిన్‌కి కాపీ చేశాడు. కొత్త మెషిన్లో ప్యాకేజీగా వచ్చింది ఎంఐటీది. లోకల్ హెడర్‌ని పక్కన పెట్టి కన్ఫిగర్‌కి ఎంఐటీ అని చెప్పగానే పేజీలన్నీ మాయం. నా ఉద్దేశంలో ఆ ఎర్రర్ రాసింది అమెరికా ప్రభుత్వం.

క్రిప్ట్ ఫంక్షన్ ఇంకో ఉదాహరణ. పాస్‌వర్డ్‌ని తిరిగి విప్పలేని రూపంలోకి మార్చే ఈ ఫంక్షన్ గురించి 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. పాస్‌వర్డ్‌తో డీఈఎస్‌ని 25 సార్లు తిప్పడం, ఒకే పాస్‌వర్డ్ ఇద్దరికి ఒకేలా కనపడకుండా 4096 రకాల ఉప్పు చల్లడం అందులోనివే. దీనికీ ఎగుమతి తలనొప్పి తప్పలేదు. గ్నూ సీ లైబ్రరీ (గ్లిబ్‌సీ) తొలి వెర్షన్లలో క్రిప్ట్ భాగాన్ని వేరే టార్‌బాల్‌గా, అమెరికా బయటి సర్వర్లలో పెట్టి పంచేవారు. ఇబ్బందులు తొలగిపోయినా లైబ్రరీ విడిగానే ఉండిపోయింది. అందుకే లింక్ కమాండ్‌లో క్రిప్ట్ పేరు విడిగా చెప్పకపోతే ఇప్పటికీ ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’. 2023 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.38 నుంచి అది మామూలుగా తయారవడం కూడా మానేసింది, లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ అనే వేరే ప్యాకేజీ తెచ్చుకోవాలి.

ఎరిక్ యంగ్ డీఈఎస్ లైబ్రరీ అక్కడితో ఆగలేదు. టిమ్ హడ్సన్‌తో కలిసి అతను చేసిన ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవైలోకి వెళ్లింది, 1998 డిసెంబర్లో దాన్నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వచ్చింది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డాక ఆ ఇల్లు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టారు. 2016 ఆగస్టులో వచ్చిన 1.1.0లో లోపలి స్ట్రక్చర్లకి తలుపులేసేశారు. ‘కావాలంటే మమ్మల్ని అడగండి, మీరే లోపలికొచ్చి తీసుకోకండి’ అని అర్థం. అంతవరకూ ఆ స్ట్రక్చర్లని నేరుగా వాడుకున్న కోడంతా ‘ఇన్‌కంప్లీట్ టైప్’ అంటూ కూలింది. సాసిల్ 2.1.26 కూడా అందులోదే. అది 2012 నవంబర్‌ది. తర్వాతి విడుదల 2.1.27 వచ్చింది 2018 నవంబర్లో. మధ్యలో ఆరేళ్లు డిస్ట్రిబ్యూషన్లు ఎవరి ప్యాచ్ వాళ్లు వేసుకుని బతికారు. అధికారిక టార్‌బాల్ దించుకున్న అమాయకుడికి మాత్రం ఎర్రర్లు. ‘డెబియన్‌లో పనిచేస్తున్నది మన దగ్గరెందుకు చెయ్యదు’ అని అడిగేవాళ్లకి నేను చూపించేది డెబియన్ వాళ్ల ప్యాచుల ఫోల్డర్. ఓ లైబ్రరీ నిజ స్థితి దాని విడుదలల్లో కంటే ఆ ఫోల్డర్‌లో బాగా కనిపిస్తుంది.

కంపైలర్ కూడా మారింది. 1999 నాటి సీ ప్రమాణం ఒక మాట చెప్పింది: ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ని పిలవకూడదు. కానీ అలా పిలిచే పాత కోడ్ లోకమంతా ఉంది. గ్నూ కంపైలర్ జీసీసీ వార్నింగ్ ఇచ్చి ఊరుకుంది. అలా ఊరుకున్నది పాతికేళ్లు. 2024 మేలో జీసీసీ 14 వచ్చినప్పుడు వార్నింగ్ ఎర్రరైంది. 2022 ఫిబ్రవరి నాటి సాసిల్ 2.1.28లో సాసిల్‌యూటిల్, క్రామ్ అనే ఫైళ్లు టైమ్ ఫంక్షన్‌ని దాని హెడర్ చేర్చకుండానే పిలుస్తున్నాయి. క్లయింటుకి పంపే సవాలులో ఓ యాదృచ్ఛిక సంఖ్య, దాని పక్కన ఇప్పటి సమయం, ఆ తర్వాత సర్వర్ పేరు పెడతారు. ఆ సమయం కోసమే ఈ పిలుపు. ప్రకటన లేకపోతే ఆ ఫంక్షన్ ఇచ్చేది మామూలు ఇంటిజర్ అనుకుంటుంది కంపైలర్, 64 బిట్ల సమయంలో సగం తెగిపోతుంది. వైద్యం ఒక్కో ఫైల్లో ఒక్క లైను, టైమ్ హెడర్ చేర్చడం. అంతే.

ఇక నాకు నచ్చిన ఎర్రర్ ఒకటుంది, అది అసలు ఎర్రరే కాదు. సాసిల్ కంపైలవుతుంది, ఇన్‌స్టాల్ అవుతుంది. మెయిల్ పంపబోతే ‘నో వర్తీ మెక్స్ ఫౌండ్’ అంటుంది, పనికొచ్చే పద్ధతి ఒక్కటీ కనపడలేదని. కారణం, ప్లగిన్లన్నీ యూఎస్‌ఆర్ లోకల్ కింద కూర్చుంటాయి, లైబ్రరీ వెతికేది యూఎస్‌ఆర్ లిబ్ కింద. ఒక సింబాలిక్ లింక్ పెడితే సరిపోతుంది. తమాషా ఏమిటంటే మేక్ ఇన్‌స్టాల్ ఈ విషయం వివరంగా ముందే చెబుతుంది. లింక్ పెట్టుకోవడం తేలికైన దారనీ, మీ చోట అది తగునో కాదో తెలియదు కాబట్టి ఆ పని తాను చెయ్యననీ చెబుతుంది. కిలోమీటరు పొడవున తెరమీద లైన్లు జారిపోతుంటే ఆ పేరా ఎవరు చదువుతారు? పాస్‌వర్డ్‌ల మధ్య తిరిగే లైబ్రరీ ఎక్కడపడితే అక్కడ ప్లగిన్ వెతుక్కోకపోవడం మంచిదే. అడగకుండా లింక్ పెట్టకపోవడం మర్యాద. ఆ మర్యాదే లెక్కలేనంత మంది నిద్ర పాడుచేసింది.

ఇన్ని రకాల ఎర్రర్లు చెప్పాను గానీ వీటన్నిటిలో ఒక మంచి గుణముంది. నోరు తెరిచి అరుస్తాయి. నోరు మూయించినవీ, నోరు మెదపనివీ ఉన్నాయి. చేటు చేసింది అవే.

2006 సెప్టెంబర్లో వచ్చిన డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో రెండు లైన్లు తీసేశారు. వాల్‌గ్రిండ్ అనే పరీక్షా పనిముట్టు ఆ లైన్ల దగ్గర వార్నింగ్ ఇస్తోందని తీశారు, వార్నింగ్ పోయింది. దాంతోపాటు రాండమ్ నంబర్లకి ఆధారమైన సరుకంతా పోయి, ప్రాసెస్ నంబర్ ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం, ఒక్కో పొడవు కీకి 32,768కి మించి అవకాశాలు లేవు. ఇది బయటపడింది 2008 మే 13న. ఆ మధ్యకాలంలో డెబియన్, ఉబుంటు మెషిన్ల మీద పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్ కీలన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ వారమంతా మా ఆఫీసులో జరిగిన పని అదే. ఎవరి దగ్గర ఏ కీ ఉందో జాబితా రాసుకుంటూ కూర్చున్నాం.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టినది ఇంకో మెట్టు పైది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు అర సెకను ఆలస్యమవుతున్నాయని, వాల్‌గ్రిండ్‌లో వింత ఎర్రర్లు వస్తున్నాయని తవ్వాడు. ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి ఉంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు ఏళ్ల తరబడి ప్యాచులు పంపి, నమ్మకం సంపాదించి, విడుదల చేసే అధికారం చేజిక్కించుకున్నారు. దొంగదారి మొదటి మెట్టు గిట్‌లోని సోర్స్‌లో లేదు. టార్‌బాల్‌లో మాత్రమే ఉన్న ఒక ఎం4 ఫైల్లో ఉంది. చదివేవాళ్లు అరుదని నేను పైన చెప్పిన ఎం4 అది. కన్ఫిగర్ నడిచినప్పుడు ఆ ఫైలు పరీక్షల కోసమని పెట్టిన ఫైళ్లలోంచి కోడ్ బయటికి లాగి బిల్డ్‌లో కలిపేది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కి సిస్టమ్‌డీ లైబ్రరీ అతికించాయి, ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్‌ని లాక్కొచ్చేది. అలా ఓ కంప్రెషన్ లైబ్రరీ లాగిన్ గుమ్మం దాకా చేరింది.

జియా టాన్ పేరుతోనే జరిగిన ఇంకో పని నాకు అంతకన్నా గుర్తుండిపోయింది. కన్ఫిగర్ లాంటి పనే చేసే సీమేక్ కోసం ఎక్స్‌జెడ్‌లో ఉన్న ఫైల్లో, లాండ్‌లాక్ అనే రక్షణ మెషిన్లో ఉందో లేదో చూసే బుల్లి ప్రోగ్రాం ఒకటుంది. అందులో ఒక లైన్లో ఒక్క చుక్క పెట్టారు. ఫుల్‌స్టాప్, అంతే. చుక్క ఉంటే ఆ ప్రోగ్రాం ఏ మెషిన్లోనూ కంపైల్ కాదు. కంపైల్ కాకపోతే జవాబు ‘నో’. రక్షణ లేదనుకుని బిల్డ్ ముందుకు పోతుంది, ఎర్రర్ ఎవరికీ కనపడదు. జీసీసీ 14 వచ్చినప్పుడు కూడా పెద్దల భయం ఇదే. హెడర్ చేర్చడం మరిచిన పాత కన్ఫిగర్ పరీక్షలు చప్పుడు లేకుండా ‘నో’ అనడం మొదలుపెట్టి, ఉన్న సదుపాయాలు లేవనుకునే ప్రోగ్రాములు తయారవుతాయని.

కాబట్టి మా కుర్రాడికి చెప్పిందే మీకూ చెబుతాను. మేక్ ఆగిపోతే చివరి లైన్ చూడకండి, మొదటి ఎర్రర్ దాకా పైకెళ్లండి. సమాంతరంగా కాకుండా ఒక్కొక్క ఫైలుగా నడిపి చూడండి. మేక్ ఆగకపోతే అంతకన్నా శ్రద్ధగా చూడండి. పాత సర్వర్ మీది కన్ఫిగర్ జవాబుల్నీ కొత్త మెషిన్ మీది జవాబుల్నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ‘ఎస్’ కాస్తా ‘నో’ అయిందో వెతకండి. ఇక మీరు వేసిన ఒక్క లైను ప్యాచ్ మీ ఫోల్డర్‌లో దాచుకోకండి. సైరస్ వాళ్ల సోర్స్ గిట్‌హబ్‌లోనే ఉంది, అక్కడికి పంపండి.